సీసీఎన్‌ఏ ల్యాబ్ ప్రిపరేషన్: ధర్మవరం, పెనుకొండ, హిందూపురంతో మీ మొదటి నెట్‌వర్క్

సీసీఎన్‌ఏ ఎగ్జామ్ ఫీజు 300 డాలర్లు, ట్యాక్స్ అదనం. మన రూపాయల్లో పాతిక వేలు దాటేస్తుంది. అంటే ఒక మంచి మిడ్‌రేంజ్ ఫోన్ ధర. ఫోన్ నచ్చకపోతే ఓఎల్‌ఎక్స్‌లో అమ్ముకోవచ్చు, ఫెయిలైన ఎగ్జామ్‌ని ఎవరూ కొనరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు నెట్‌వర్కింగ్ జాబ్స్ మీద కన్నేసిన బీటెక్ స్టూడెంట్స్ ఆ డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

ఎగ్జామ్ కోడ్ 200-301. 2020 ఫిబ్రవరి 24 నుంచి నడుస్తోంది. 2024 ఆగస్టులో వెర్షన్ 1.1 వచ్చి ఏఐ, క్లౌడ్ మేనేజ్‌మెంట్ టాపిక్స్ కొంచెం కలిశాయి. టైమ్ 120 నిమిషాలు. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ ఫండమెంటల్స్, నెట్‌వర్క్ యాక్సెస్‌లకు చెరి 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్, ఆటోమేషన్‌లకు చెరి 10. మొదటి మూడూ కలిపితేనే 65 శాతం. రౌటింగ్ రాకుండా యూట్యూబ్‌లో ఆటోమేషన్ వీడియోలు చూస్తూ కూర్చునేవాళ్లు ఈ లెక్క ఇంకోసారి చూసుకోండి.

మల్టిపుల్ చాయిస్‌తో పాటు ల్యాబ్ ప్రశ్నలు కూడా వస్తాయి. స్క్రీన్ మీద కమాండ్ లైన్ తెరుచుకుంటుంది, అడిగింది మీరు కాన్ఫిగర్ చేసి చూపించాలి. చదివింది గుర్తుంటే సరిపోదు, వేళ్లకు అలవాటు ఉండాలి.

దీనికి ఖరీదైన లాప్‌టాప్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌లో కూడా ప్యాకెట్ ట్రేసర్ బాగానే నడుస్తుంది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ చేసుకుంటే అది ఫ్రీ. అసలు రౌటర్ సాఫ్ట్‌వేర్ మీదే చేయాలనుకుంటే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఫ్రీ వెర్షన్ ఉంది, 5 నోడ్‌ల వరకు ఇస్తుంది. దానికి మాత్రం 16 జీబీ ఉంటే హాయి. బెంగళూరు ఎస్పీ రోడ్‌కి వెళ్లి సెకండ్ హ్యాండ్ స్విచ్‌లు కొనాలా అని చాలామంది అడుగుతారు. సీసీఎన్‌ఏకి అవసరం లేదు. కన్సోల్ కేబుల్ గుచ్చి రౌటర్ బూట్ అవడం కళ్లారా చూస్తే వచ్చే కిక్ వేరు, ఒప్పుకుంటా. కానీ ఆ ఫ్యాన్ మోతకి ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

ఇప్పుడు అసలు పని. మూడు రౌటర్లు పెట్టి, మన రైల్వే లైన్ లాగే వరసగా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అని పేర్లు పెట్టండి. మధ్య లింకులకు స్లాష్ 30 నెట్‌వర్క్‌లు. ప్రతి ఊరికీ ఒక స్విచ్, ఒక పీసీ. ముందు స్టాటిక్ రూట్లతో ధర్మవరం పీసీ నుంచి హిందూపురం పీసీకి పింగ్ చేయండి. ఇక్కడ చాలామంది పోయే దారి రాస్తారు, వచ్చే దారి మర్చిపోతారు. ప్యాకెట్ హిందూపురం చేరుతుంది, కానీ జవాబు వెనక్కి రావడానికి రూట్ ఉండదు. పింగ్ ఫెయిల్ అని చూసి ధర్మవరం రౌటర్‌లో తప్పు వెతుకుతూ గంట పోగొట్టుకుంటారు.

పింగ్ వచ్చాక ఓఎస్‌పీఎఫ్ పెట్టండి. స్టాటిక్ రూట్లు తీయకుండా పెడితే రౌటింగ్ టేబుల్‌లో ఓఎస్‌పీఎఫ్ రూట్లు కనిపించవు. ఎందుకంటే స్టాటిక్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110. తక్కువున్నదే గెలుస్తుంది. ఇది పుస్తకంలో ఒక లైన్, ల్యాబ్‌లో చూస్తే మాత్రం జన్మలో మర్చిపోరు.

అంతా పనిచేస్తోందా? అయితే పాడు చేయండి. ఇంకా మంచిది, ఫ్రెండ్‌కి లాప్‌టాప్ ఇచ్చి, పెనుకొండ రౌటర్‌లో ఏదో ఒకటి చెడగొట్టమని చెప్పి బయటికెళ్లి టీ తాగి రండి. ఏరియా నంబర్ మార్చినా, హలో టైమర్‌ని 10 నుంచి 15 చేసినా నైబర్ లిస్ట్‌లో ఆ రౌటర్ ఉండదు. ఎంటీయూ తేడా అయితే నైబర్ కనిపిస్తుంది కానీ ఎక్స్‌స్టార్ట్ దగ్గరో, ఎక్స్ఛేంజ్ దగ్గరో ఇరుక్కుపోతుంది. ఈ లక్షణాలు చూసి జబ్బు చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే. నా దృష్టిలో పది ల్యాబ్‌లు కట్టడం కన్నా, కట్టిన ఒక్కదాన్ని పదిసార్లు చెడగొట్టి బాగుచేయడం ఎక్కువ నేర్పిస్తుంది.

స్విచ్‌ల దగ్గర ఒక్క జాగ్రత్త. ట్రంక్ మీద కొత్త వీల్యాన్ అనుమతించేటప్పుడు కమాండ్‌లో 'యాడ్' అనే మాట వదిలేస్తే, పాత లిస్ట్ మొత్తం ఎగిరిపోయి కొత్తదొక్కటే మిగులుతుంది. ఆఫీసులో ఇలా చేస్తే ఫ్లోర్ మొత్తం లేచి మీ వైపే చూస్తుంది.

సబ్‌నెట్టింగ్‌కి లాప్‌టాప్ కూడా వద్దు. బెంగళూరు ట్రైన్‌లో ఫోన్ పక్కన పెట్టి మనసులో చేయండి. 172.16.45.77 స్లాష్ 27 ఏ నెట్‌వర్క్? బ్లాక్ సైజ్ 32, కాబట్టి 64 నుంచి 95. నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 95, వాడుకోగలిగినవి 65 నుంచి 94. ఇది 20 సెకన్లలో రావాలి.

ఎగ్జామ్‌లో నెక్స్ట్ నొక్కాక వెనక్కి రావడం కుదరదు. అందుకే ల్యాబ్ ప్రశ్నని పూర్తిగా చదివాకే టైప్ చేయడం మొదలుపెట్టండి, సేవ్ చేయమంటే సేవ్ చేయండి, నెక్స్ట్ నొక్కే ముందు షో కమాండ్‌తో ఒకసారి చూసుకోండి. ఇంటి నుంచి రాసే ఆప్షన్ ఉంది. మీ వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకే తెలుసు, నేనైతే సెంటర్‌కే వెళ్లమంటాను. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 5 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి. డంప్స్ బట్టీ పట్టి పాసైనవాడిని ఇంటర్వ్యూలో "నైబర్ ఎందుకు రాలేదు?" అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. పట్టుబడితే సర్టిఫికెట్ కూడా రద్దవుతుంది.

ఇంకా పైకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. 1993లో మొదలైన సీసీఐఈలో ల్యాబ్ ఎగ్జామ్ 8 గంటలు. ఎంటర్‌ప్రైజ్ ట్రాక్‌లో 3 గంటలు డిజైన్, 5 గంటలు కాన్ఫిగరేషన్, ట్రబుల్‌షూటింగ్. ఆ ల్యాబ్ సెంటర్ ఒకటి బెంగళూరులోనే ఉంది, హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. దానికి ముందు 350-401 రాత పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత ల్యాబ్‌కి 3 ఏళ్ల టైమ్ ఉంటుంది.