ఘంటసాల ప్లేట్లు: కూర్పు, రక్షణ

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974 ఫిబ్రవరి 11వ తేదీన కీర్తిశేషులైనారు. ఆయన పాట నేడు మీట నొక్కినంతనే వినవచ్చును. అట్లయిన పాత గ్రామఫోను ప్లేట్లను వెదకి కూర్చుకొనుట ఎందులకని శ్రోతలు మమ్ము అడుగుచుందురు. గరగర తీసివేయు యత్నములో గాయకుని ఊపిరి కూడ కొంత తొలగిపోవుట కలదు. ప్లేటులో ఆ ఊపిరి యున్నది.

ప్లేట్లు ముఖ్యముగా రెండు తెగలు. మొదటివి నిమిషమునకు 78 చుట్లు తిరుగునవి. వీటికి బంధకద్రవ్యము లక్క. ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పట్టదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ వంటి పద్యకృతిని పాడునపుడు ఆ కొలతకు లోబడవలసినదే. రెండవ తెగవి 33⅓ చుట్లవి. ఇవి 1948లో అమెరికాలో వెలువడినవి. వినైలుతో చేయబడి, ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పాడును. ఘంటసాలవారి భగవద్గీత ఇట్టి పెద్ద ప్లేట్లమీద వచ్చినది. దీనిని కీ ఇచ్చు పాతపెట్టెమీద పెట్టరాదు. ఆ ఉక్కుముల్లు సన్ననిగాడిని ఒక్కసారికే చీల్చివేయును.

కొనునపుడు ప్లేటును వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడవలెను. నల్లని గాడి బూడిదరంగునకు తిరిగినచో అరిగినదని గుర్తు. ప్రక్కప్రక్కకు ముల్లు మార్చవలసియుండగా, పొదుపునకై ఒకే ముల్లుతో పది పాటలు వినిన యిండ్లు మన దేశమున తక్కువేమీ కాదు!

ఇక మా తప్పు చెప్పవలెను. కొండాపురము ప్రాంతమున ఒక యింట అటకమీది పెట్టె దింపించితిమి. రేకుల కప్పు క్రింద, మెట్టసీమ ఎండలకు, పడుకోబెట్టి పేర్చిన వినైలు ప్లేట్లు అప్పడములవలె వంగియున్నవి. లక్కప్లేటు ఒకటి మాత్రము బాగుగనున్నది. బూజు పోవునని దానిని స్పిరిటుతో తుడిచితిమి. వడ్రంగులు లక్కను స్పిరిటులోనే గదా కరగించి పాలిషు చేయుదురు! ఆ సంగతి మాకు అప్పుడు తోచలేదు. గాడులు మసకబారినవి. ఆ యింటి పెద్దమ్మగారు, “ఇంక పలకదా నాయనా?” అని మాత్రమే అడిగినది. పలుకలేదు.

లక్కప్లేటును మెత్తని పొడిగుడ్డతో, గాడి వెంబడినే తుడువవలెను. ఏ తెగదైనను పుస్తకములవలె నిలువుగా, ఎండ తగులని గోడవైపు ఉంచవలెను. చీటీమీది సంఖ్యతోపాటు, చీటీ చుట్టునున్న నున్నని భాగమున చెక్కిన సంఖ్యను గూడ వ్రాసికొనుడు. చీటీ చిరిగినను ఏ పాటయో దానివలన తెలియును. బీటవారిన ప్లేటును మాటిమాటికి వాయించి చూడకుడు. తగిన ముల్లుగల యంత్రముమీద ఒక్కసారి వాయించి, ఆ వాయింపునందే ధ్వనిని ఎక్కించుకొనవలెను.