‘నాకు పీపీటీ రాదు బాబూ!’

నార్సింగి దగ్గర కడుతున్న అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లుంటాయి. ఆదివారాలు అక్కడ కూలీల పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. వారమంతా కోడింగ్, ఆదివారం ఎక్కాలు! అక్కడే ఓ సర్కారు బడి టీచరమ్మ పరిచయమయ్యారు.

బస్తీ పిల్లల కోసం పనిచేసే టీచర్లందరూ అనుభవాలు పంచుకునేలా మా వాలంటీర్లు ఓ ప్రాంతీయ సదస్సు పెడుతున్నారు. ఆహ్వానాలు నా డ్యూటీ. గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలాను. వచ్చినవన్నీ పెద్ద ప్రైవేటు స్కూళ్లవే. షెడ్లలో తిరిగే టీచర్లు ఒక్కరూ లేరు. ఎందుకా అని చూస్తే బగ్ నా ఫామ్‌లోనే ఉంది. మొత్తం ఇంగ్లిష్, పైగా పీపీటీ తప్పనిసరి!

నేరుగా టీచరమ్మనే అడిగాను.

‘‘నాకు పీపీటీ రాదు బాబూ! అయినా నేను చేసేదేముంది, పిల్లల్ని బళ్లో వేయడమేగా’’ అన్నారు.

ఆ ‘వేయడం’ ఎంత పనో ఆవిడ నోట్‌బుక్ చూస్తే తెలిసింది. బిల్డింగ్ పూర్తయితే కుటుంబం ఇంకో సైట్‌కి వెళ్లిపోతుంది. పిల్లాడి చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో రాసుకుని, అక్కడి హెడ్‌మాస్టర్‌కి ఫోన్ చేస్తారు. కాగితాల్లేవని ఎవరైనా వెనక్కి పంపితే చట్టం చదివి వినిపిస్తారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6-14 ఏళ్ల పిల్లలందరిదీ. వయసు రుజువు లేదనో, టీసీ ఆలస్యమైందనో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

ఆ రాత్రే ఫామ్ మార్చేశాను. తెలుగు, హిందీ, ఉర్దూ ఏదైనా ఓకే. వాయిస్ మెసేజ్ పంపినా చాలు. ప్రశ్నలు నాలుగే: సమస్య ఏంటి? ఏం చేశారు? ఏది ఫెయిలైంది? వేరే బస్తీలో చేయాలంటే ఏం కావాలి? సెలవు పెట్టక్కర్లేకుండా సదస్సును ఆదివారానికి మార్చాం.

టీచరమ్మ ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. నోట్‌బుక్‌లో కొన్ని పేర్ల పక్కన ప్రశ్నార్థకాలున్నాయి. ఎటెళ్లారో ఆచూకీ దొరకని పిల్లలు వాళ్లు.

‘‘స్టేజీ మీద నా గొప్పలు చెప్పను. వీళ్ల గురించి అడుగుతా. వచ్చినవాళ్లలో ఎవరి బడిలోనైనా ఉన్నారేమో!’’

అప్పుడర్థమైంది, ఈ సదస్సు ఎందుకో.

మీ గల్లీలోనూ ఇలాంటి టీచర్ ఉండే ఉంటారు. ఎక్కడ సదస్సు జరిగినా లింక్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. పక్కన కూర్చుని, వాళ్లు చెప్తుంటే మీరే టైప్ చేయండి. పది నిమిషాల పని.