వ్రాయరాని సంగీతము – జాజ్ రికార్డుల సేకరణ

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున బడ్డీ బోల్డెన్ అను నల్లజాతి వాద్యకారుడు ఉండెను. ఆయన వాయించినది కార్నెట్ అను చిన్న ఇత్తడి బాకా. దాని ధ్వని ఊరి ఆవలి వరకు వినవచ్చెడిదని సమకాలికులు చెప్పుకొనిరి. జాజ్ సంగీతమునకు ఆద్యులలో ఆయనను ప్రథమునిగ పరిగణింతురు. 1907లో మతి చలించి ఆయన లూసియానా రాష్ట్రపు పిచ్చాసుపత్రిలో చేరెను. 1931లో అక్కడనే మరణించెను. ఆయన వాదనము ఒక్క నిమిషమైనను నేడు మనకు వినరాదు. దానిని పట్టి ఉంచిన రికార్డు ఏదియు ఇంతవరకు దొరకలేదు. మిగిలినవి ఒక పాత ఛాయాచిత్రమును, విన్నవారి జ్ఞాపకములును మాత్రమే.

ఈ నష్టమెట్టిదో కర్ణాటక సంగీతము వినువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కీర్తన సాహిత్యమును వ్రాసి ఉంచవచ్చును. స్వరమును గూడ వ్రాసి ఉంచవచ్చును. కాని ఒక విద్వాంసుడు ఒకనాటి రాత్రి కల్యాణిని ఆలాపించిన తీరును ఏ స్వరలిపి పట్టగలదు? అది మనోధర్మము. జాజ్ సంగీతమునకును ప్రాణము ఇదియే. అందరికి తెలిసిన ఒక పాట వరుసను తీసికొని, దాని స్వరమేళనమును ఆధారము చేసికొని, వాద్యకారులు ఒకరి తరువాత ఒకరు అప్పటికప్పుడు క్రొత్త రచన చేయుదురు. నిన్న వాయించినది నేడు రాదు. నేటిది రేపు రాదు. కావున ఈ సంగీతమునకు గ్రంథములు లేవు. దాని తాళపత్రములు రికార్డులే. వానిని వెదకి దాచుట వట్టి విలాసము కాదు. ఒక సారస్వతమును కాపాడుటయే.

1917 ఫిబ్రవరి 26వ తేదీన ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బాండ్ అను బృందము విక్టర్ కంపెనీకి వాయించి యిచ్చిన ప్లేటును మొదటి జాజ్ రికార్డుగ చెప్పుదురు. ఆ బృందములోని ఐదుగురును తెల్లవారు. ఆ సంగీతమును పుట్టించిన నల్లవారికి తగిన అవకాశము వచ్చుటకు మరికొన్ని ఏండ్లు పట్టినది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ తన బృందముతో షికాగో నుండి ఇండియానా రాష్ట్రములోని రిచ్‌మండ్ పట్టణమునకు పోయి జెన్నెట్ కంపెనీకి వాయించెను. పియానోలు చేయు కర్మాగారపు ఆవరణలో, రైలు పట్టాల ప్రక్కన ఉన్న ఒక గది అది. రైలు వచ్చినప్పుడు పని ఆపవలసినదే. మైక్రోఫోను లేదు. గోడకు బిగించిన పెద్ద గరాటు ఎదుట అందరును గుమిగూడి వాయింపగా, ఆ ధ్వని బలముననే ముల్లు కదలి మైనపు పలక మీద గీత గీయవలెను. ఆ బృందమున రెండవ కార్నెట్ వాయించినవాడు 21 ఏండ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని బాకా బలమునకు తక్కినవారి వాద్యము మునిగిపోవుచుండగా, అతనిని అందరికంటె వెనుక దూరముగ నిలువబెట్టిరని చెప్పుదురు.

పది అంగుళముల ప్లేటున ఒక వైపున పట్టునది సుమారు మూడు నిమిషములు. మన రంగస్థల నటులు గంటల తరబడి సాగు పద్యరాగములను గ్రామఫోను ప్లేటు కొరకు కుదించుకొనినట్లే, జాజ్ వాద్యకారులును తమ ధారను మూడు నిమిషములకు కుదించుకొనిరి. ఆ నిర్బంధము నుండియే ఒక సంక్షిప్త సౌందర్యము పుట్టినది. 1925 – 1928 సంవత్సరముల నడుమ ఆర్మ్‌స్ట్రాంగ్ తన చిన్న బృందములతో ఓకే కంపెనీకి చేసిన రికార్డులలో అనవసరమైన స్వరమును వెదకి పట్టుట కష్టము.

ఈ ప్లేట్లకును మన దేశమునకును ఒక సంబంధము కలదు. ఆనాటి ప్లేటు వినైలుతో చేసినది కాదు. లక్కలో రాతిపొడియు మసియు కలిపి, వేడిచేసి అచ్చువేసినది. ప్రపంచమునకు లక్కను ప్రధానముగ అందించినది భారతదేశము. ఛోటానాగపూర్ ప్రాంతపు అడవులలో మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్కను గిరిజనులు గీకి అమ్మగా, అది ఓడలనెక్కి పోయి న్యూ ఆర్లియన్స్ బాకాల ధ్వనిని మోసినది. ధ్వని వెంట వాద్యకారుడును మన దేశమునకు వచ్చెను. షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను పియానో విద్వాంసుడు ఆసియాకు తరలివచ్చి, బొంబాయి తాజ్‌మహల్ హోటలులోను, కలకత్తా గ్రాండ్ హోటలులోను వాయించెను. ఇక్కడ ఉండగనే కొలంబియా ముద్రతో రికార్డులు చేసెను. 1945లో కలరా సోకి ఆయన కలకత్తాలో మరణించెను.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ లక్క దారిని మూసినది. 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డుల కొరకు లక్క వాడుకను మిక్కిలిగ తగ్గించినది. ప్రజల యొద్ద నుండి పాత ప్లేట్లను తీసికొని, నలుగగొట్టి, క్రొత్తవి పోయసాగిరి. ఆ కుప్పలలో ఎన్ని అపురూపమైన ప్రతులు పిండి అయ్యెనో లెక్క లేదు. అదే సంవత్సరము ఆగస్టు 1వ తేదీ నుండి వాద్యకారుల సంఘము ప్రతిఫలము కొరకు రికార్డింగును బహిష్కరించినది; 1944 నవంబరు నాటికి గాని పెద్ద కంపెనీలన్నియు రాజీకి రాలేదు. చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ మొదలగు యువకులు జాజ్ గమనమును మార్చివేయుచున్న కాలము సరిగ అదియే. వారిరువురును 1943లో ఎర్ల్ హైన్స్ బృందమున కలిసి వాయించిరి. ఆ బృందము చేసిన వాణిజ్య రికార్డు ఒక్కటియు లేదు. తాళపత్ర గ్రంథమున నడిమి ఆకులు చెదలు తినిపోయినట్లు ఆ భాగము ఖాళీ.

అచ్చయినవి మాత్రము భద్రముగ ఉండెనా? లేదు. కంపెనీలకు అవి సరకులు. అమ్ముడుపోని సరకును దాచువాడు ఎవడు? విస్కాన్సిన్ రాష్ట్రమున కుర్చీలు చేయు ఒక సంస్థ పారమౌంట్ అను పేర నల్లవారి కొరకు రికార్డులను విడుదల చేసెడిది. ఆర్థిక మాంద్యమున ఆ వ్యాపారము మూతపడగా, మూలపు అచ్చులలో అధిక భాగము నశించినవి. నేడు ఆ సంగీతమునకు ఆధారము ఎవరో ఒకరి యింట మిగిలిన అరిగిన ప్లేటు మాత్రమే.

ఈ స్థితిలో పనికి పూనుకొన్నవారు సేకర్తలు. 1930ల నుండి వారు పాత సామానుల దుకాణములను గాలించిరి. తరువాతి కాలమున కొందరు దక్షిణ రాష్ట్రములలో నల్లవారి పేటలకు పోయి, ఇంటింటి తలుపు తట్టి, పాత ప్లేట్లున్నవా యని అడిగి కొనిరి. పారిస్‌లో షార్ల్ దెలోనే అను యువకుడు 1936లో ‘హాట్ డిస్కోగ్రఫీ’ అను పట్టికను ప్రకటించెను. ఏ తేదీన, ఏ ఊర, ఎవరెవరు ఏ వాద్యము వాయించిరి అను వివరము అందున్నది. న్యూయార్కులో మిల్ట్ గేబ్లర్ తన కమొడోర్ దుకాణము నుండి పాత ప్లేట్లను మరల అచ్చువేయించి, వాయించిన వారందరి పేర్లను వాని మీద ముద్రించెను. అంతకుముందు ప్లేటు మీద సాధారణముగ నాయకుని పేరే ఉండెడిది, తక్కినవారు అనామకులు. 1939లో బిల్లీ హాలిడే నల్లవారి సామూహిక హత్యలను గూర్చి పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాటను పెద్ద కంపెనీ నిరాకరింపగా, దానిని రికార్డు చేసి విడుదల చేసినవాడును ఈ గేబ్లరే.

మన సి. పి. బ్రౌను వ్రాతప్రతులను కొని, పండితులను కూర్చుండబెట్టి, వేమన పద్యముల ప్రతులను సరిపోల్చి 1829లో ప్రకటించిన తీరు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. రికార్డు సేకర్త చేయునదియు పాఠపరిష్కారమే. ఒకే పాటను ఒకే పూట రెండు మూడు మారులు వాయింతురు. వానిలో ఒకదానిని కంపెనీ ఎన్నుకొనును. ప్లేటు నడుమ, చుట్టల గీత ముగిసిన నున్నని చోట చెక్కిన సంఖ్యను చూచి అది ఎన్నవ మారు వాయించినదో తెలిసికొనవచ్చును. అవి పాఠాంతరములు. ఒక పాఠమున మెట్టు తప్పి సర్దుకొనిన వాద్యకారుడు వేరొక పాఠమున ఎన్నడును ఎక్కని మెట్టును ఎక్కియుండును. ఆ రెంటిని ప్రక్కప్రక్కన వినినవానికి మనోధర్మమనగా ఏమో తెలియును.

1948లో కొలంబియా కంపెనీ వినైలు ప్లేటును ప్రవేశపెట్టినది. నిమిషమునకు 33⅓ చుట్లు. ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా సంగీతము. మూడు నిమిషముల సంకెల తెగినది. ఆ అవకాశమును చక్కగ వినియోగించుకొనిన చిన్న సంస్థలలో బ్లూ నోట్ ముఖ్యమైనది. దానిని 1939లో నెలకొల్పిన ఆల్‌ఫ్రెడ్ లయన్, తరువాత కలిసిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇరువురును హిట్లరు పాలన నుండి తప్పించుకొని వచ్చిన బెర్లిన్ యూదులు. వారు రికార్డింగుకు ముందు సాధన చేయు దినములకును వాద్యకారులకు ప్రతిఫల మిచ్చిరి. ధ్వనిని పట్టినవాడు రూడీ వాన్ గెల్డర్. ఆయన వృత్తి కండ్లను పరీక్షించి అద్దము లిచ్చుట. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల యింటి ముందు గదియే ఆయన స్టూడియో. జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రేన్’ను 1957లో వాయించినది ఆ గదిలోనే. నాటి ప్రతుల నున్నని చోట ఆయన పేరి పొడి అక్షరములును, అచ్చుకర్మాగారమువారి గుర్తును ఉండును. ఆ గుర్తు చిన్న చెవి వలె కానవచ్చుటచే సేకర్తలు దానిని ‘చెవి’ యని పిలుతురు.

లేఖక దోషములు ఈ గ్రంథములకును తప్పలేదు. 1959లో మైల్స్ డేవిస్ చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ జాజ్ ప్లేట్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అందు మొదటి వైపు ఉన్న మూడు రచనలను పట్టిన యంత్రము సరియైన వేగమున తిరుగలేదు. ఫలితముగ అచ్చయిన ప్లేటులో శ్రుతి కొంచెము హెచ్చినది. ఆ తప్పును 1992లో దిద్దిరి. ముప్పది ఏండ్లకు పైగా లోకమంతయు వినినది తప్పు పాఠమే. అయినను ఆ పాఠముతోనే పెరిగిన చెవికి సరియైనది మొదట వింతగ తోచును. శుద్ధపాఠము వచ్చిన తరువాతను ప్రజల నోట పాత పాఠమే నిలిచిన పద్యములు మనకును లేవా?

వినుట యందును ఒక పద్ధతి కలదు. ప్లేటును అంచులతో పట్టి, దుమ్ము తుడిచి, ముల్లును మెల్లగ దించవలెను. ఇరువది నిమిషములకు లేచి రెండవ వైపు త్రిప్పవలెను. ఆ సేపు వేరొక పని తోచదు. మొదటి మారు పాట వరుసను, రెండవ మారు ఒక్క బాకాను, మూడవ మారు వెనుకనున్న మృదువైన డోలు దెబ్బలను వెంబడించినచో అదే ప్లేటు మూడు ప్లేట్లగును. జపానులో ఇందుకొరకే కాఫీ దుకాణములు వెలసినవి. రికార్డుల ధర సామాన్యునికి అందని కాలమున ఒక కప్పు కాఫీ వెలకు అక్కడ గంటలకొలది మౌనముగ కూర్చుండి వినెడివారు. యొకొహామాలో 1933లో వెలసిన ‘చిగుసా’ అట్టిది. యుద్ధకాలమున శత్రు సంగీతమని జాజ్‌ను నిషేధించిరి. 1945 వైమానిక దాడిలో ఆ దుకాణపు రికార్డులన్నియు బూడిదయైనవి. యుద్ధానంతరము దాని యజమాని దుకాణమును మరల తెరవగా, శ్రోతలు తమ యొద్ద మిగిలిన ప్లేట్లను తెచ్చి యిచ్చిరి.

అయితే ఈ అభిరుచికి ఒక చీకటి వైపును కలదు. కింగ్ ఆలివర్ 1938లో సవానా పట్టణమున, బిలియర్డ్స్ ఆటగదిని ఊడ్చి శుభ్రపరచు పనిలో ఉండి, కడు పేదరికమున మరణించెను. ఆయన 1923లో చేసిన ఒక ప్లేటుకు నేడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని ప్రతులైనను లేవు. అట్టి వాని వెల సామాన్యుని ఊహకు అందదు. ఆ ధనములో వాద్యకారునికి గాని, ఆయన వారికి గాని ముట్టునది ఏమియు లేదు. కాగితపు సంచిని విప్పకుండ, ముల్లు మోపకుండ, ధర పెరుగుటకై దాచువారును కలరు. అట్టి ప్లేటు లోభివాని యింటి పాతర వంటిది. అందు బోల్డెన్ బాకాకును దానికిని భేదమేమి? రెండును వినరానివే.

2008లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో రేగిన అగ్నిప్రమాదమున పెక్కు పాత మూలపు టేపులు దగ్ధమైనవి. వాని సంఖ్యను గూర్చి పత్రికలకును సంస్థకును ఏకాభిప్రాయము లేదు. దీనికి ప్రతిగ 2010లో ఒక శుభవార్త వచ్చినది. విలియం సేవరీ అను శబ్ద సాంకేతికుడు 1930ల చివర రేడియోలో ప్రసారమైన కచ్చేరీలను స్వయముగ పళ్లెముల మీద పట్టి, దశాబ్దముల పాటు ఇంట దాచియుంచెను. ఆయన మరణానంతరము ఆ పెట్టెలు హార్లెమ్‌లోని జాతీయ జాజ్ ప్రదర్శనశాలకు చేరినవి. మూడు నిమిషముల నిర్బంధము లేక ఆనాటి విద్వాంసులు తనివితీర వాయించిన వాదనము డెబ్బది ఏండ్ల తరువాత లోకమునకు వినవచ్చినది.

నేడు వినైలు మరల ప్రజాదరణ పొందుచున్నది. 2022లో అమెరికాలో సుమారు 4 కోట్ల 10 లక్షల వినైలు ప్లేట్లు అమ్ముడుపోగా, సీడీలు 3 కోట్ల 30 లక్షలే అమ్ముడుపోయెను. కొన్నవారందరును విందురా యనునది వేరు ప్రశ్న. సేవరీ పెట్టెలు తెరచిరి గనుకనే సంగీతమైనవి. తెరవకున్నచో అవి పెట్టెలే. పాత ప్లేటు దొరికినవాడు దాని అంచున సంఖ్యను చదువుటయు, వెల తెలిసికొనుటయు తప్పు కాదు. అటుపిమ్మట ముల్లును దించవలెను. ప్రక్కన మరియొకరిని గూడ కూర్చుండబెట్టుకొని వినవలెను. అప్పుడు గాని ఆ సేకరణ పూర్తి కాదు.