పాఠ్య సంపాదకాలలో నిర్ధారణ ప్రశ్నలు: ఈమాక్స్ ఆధారంగా ఒక పరిశీలన

ప్రాచీన ప్రతుల పాఠాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పరిశోధకుని చూపు ఎక్కువగా మూలప్రతిపైనే ఉంటుంది. ఆ సమయంలో సంపాదక సాఫ్ట్‌వేరు “భద్రపరచని మార్పులున్నాయి, అయినా మూసివేయాలా?” అని అడిగితే, ప్రశ్న కంటపడకముందే వేళ్లు సమాధానం ఇచ్చివేయవచ్చు. దానితో ఒక పూట కూర్చిన పాఠాంతరాల పట్టిక పోవచ్చు. ఈ ప్రశ్నలు స్పష్టంగా కనబడేట్లు చేయడమెలా అన్నది ఇక్కడి చర్చనీయాంశం.

1. ప్రశ్న అడిగే తీరు

రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో ప్రారంభించిన గ్నూ ఈమాక్స్, మీటలతో పనిచేసేవారిని తెర అడుగున ఉండే ‘మినీబఫర్’ అనే సన్నని వరుసలో ప్రశ్నిస్తుంది. స్వల్ప విషయాలకు ‘వై’ లేదా ‘ఎన్’ మీట చాలు. నష్టం కలిగించగల పనులకు మాత్రం ‘ఎస్’ లేదా ‘నో’ అనే పదాన్ని పూర్తిగా టైపు చేయాలి. ఆ శ్రమే రక్షణ. 2022లో వెలువడిన 28వ వెర్షన్‌లోని ‘యూజ్-షార్ట్-ఆన్సర్స్’ అమరికను ఎంచుకుంటే ఈ భేదం చెరిగిపోతుంది. సౌకర్యమే గాని, పరిష్కర్తలకు అది హితవు కాదని నా అభిప్రాయం.

తెలుగు రాసేవారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. రోమన్ లిప్యంతరీకరణలో యకారానికి ‘వై’, నకారానికి ‘ఎన్’ మీటలే వాడతాము. ఈ రెండింటిలో ఒకటైనా లేని తెలుగు వాక్యం అరుదు. కనుక, చూడని ప్రశ్నకు మామూలు టైపింగే జవాబవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉంటే మాత్రం ‘వై’ మీటకు ‘బ’ పడుతుంది. ఈమాక్స్ దానిని అంగీకరించక మళ్లీ అడుగుతుంది. విసుగు కలిగించినా, ఇది మేలే.

2. రంగు, అలవాటు

‘మినీబఫర్-ప్రాంప్ట్’ అనే ఫేస్‌కు ముదురు అక్షరాలు, ఎర్రని నేపథ్యం ఇవ్వడం సులభమార్గం. అయితే ఫైలు పేరు అడిగేటప్పుడూ, ఆదేశం అడిగేటప్పుడూ అదే ఫేస్ కనబడుతుంది. రోజుకు వందసార్లు చూసిన ఎరుపును కన్ను పట్టించుకోదు. నిర్ధారణ ప్రశ్నలకు జవాబివ్వడం అలవాటుగా మారి, అవి నిష్ప్రయోజనమవుతాయని జెఫ్ రాస్కిన్ ‘ది హ్యుమేన్ ఇంటర్‌ఫేస్’ (2000)లో వాదించాడు. చేసిన పనిని వెనక్కు తీసుకునే వీలు కల్పించడమే మేలని ఆయన మతం. అందుచేత ‘ఎస్-ఆర్-నో-పి’ అనే ఫంక్షన్‌కు మాత్రమే ‘అడ్వైస్’ జోడించి, ఆ ప్రశ్నకు వేరే రంగు, దానితోపాటు గంట శబ్దం కల్పించడం సమంజసం.

3. ప్రశ్న భాష

సాఫ్ట్‌వేరును తెలుగు చేసేవారు ప్రశ్న వాక్యనిర్మాణాన్ని కూడా పరిశీలించాలి. “మార్పులను భద్రపరచవద్దా?” అన్న వ్యతిరేక ప్రశ్నకు “అవును” అంటే, “అవును, వద్దు” అని ఒకరు, “అవును, భద్రపరచు” అని మరొకరు గ్రహించవచ్చు. “అవును”, “కాదు” అనే బొత్తాలకు బదులు “భద్రపరచు”, “వదిలివేయి” అనే క్రియలనే బొత్తాలపై ఉంచితే ఈ సందిగ్ధత ఉండదు.