నూగు ఆరేదాకా

1922లో ఎవరెస్టు మీదికి వెళ్లిన బ్రిటిష్ బృందంలో జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. బెలూన్లకు వాడే గుడ్డలో ఈడర్ బాతు నూగు కూరించి కోటు కుట్టించుకుని తెచ్చుకున్నాడు. ఉన్ని కోట్లు, ట్వీడ్‌లు వేసుకున్న తోటివాళ్లు ఆ వేషం చూసి నవ్వారు. పైన చలిగాలి కొట్టడం మొదలయ్యాక ఆ కోటును చూసి అసూయపడ్డారు. అదే ఫించ్ 1952లో పుణే వచ్చి, జాతీయ రసాయన ప్రయోగశాల డైరెక్టరుగా ఐదేళ్లు పనిచేశాడు.

కేదార్‌కంఠకో హమ్‌టా పాస్‌కో ట్రెక్కింగుకు బయల్దేరే మన కుర్రకారులో కొందరి స్లీపింగ్ బ్యాగుల్లోనూ ఇప్పుడు బాతు నూగే ఉంటోంది. వేలు పోసి కొన్న ఆ బ్యాగును పాడు చేసుకునేది ఎక్కువగా కొండ మీద కాదు, ఇంటికొచ్చాక బాత్రూంలో.

నూగు వెచ్చదనం అంతా అది పట్టి ఉంచే గాలిలోనే ఉంది. ఈకకుండే గట్టి కాడ దీనికి ఉండదు, నడిమి నుంచి అన్ని వైపులకూ సన్నటి పోగులు విచ్చుకుంటాయి. లేబుల్ మీద 800 ఫిల్ పవర్ అని ఉంటే, అందులోని 28 గ్రాముల నూగు సుమారు 13 లీటర్ల చోటు ఆక్రమిస్తుందని లెక్క. అంటే ఓ మోస్తరు బిందెడు! చెమట, ఒంటి జిడ్డు, దుమ్ము చేరేకొద్దీ పోగులు ఒకదానికొకటి అంటుకుని పొంగు తగ్గుతుంది. కుక్కి పెట్టే చిన్న సంచిలోంచి తీసి పరిచిన గంట తర్వాత కూడా బ్యాగు చదునుగానే ఉంటే ఉతకాల్సిన వేళైందన్నమాట.

అంతవరకూ దాని జోలికి పోకపోవడమే మంచిది. మురికి పట్టేది ముఖ్యంగా మెడ, తల ఆనే చోటే. అక్కడ పైగుడ్డను వేళ్లతో నూగు నుంచి ఎడంగా పట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు రుద్ది తుడిస్తే చాలు. లోపల పల్చటి నూలు లైనర్ వేసుకుని పడుకునేవాళ్లకు ఆ పనీ తక్కువే. డ్రైక్లీనింగుకు మాత్రం ఇవ్వొద్దు, ఆ ద్రావకాలు నూగులోని సహజమైన నూనెను లాగేస్తాయి.

మొత్తం ఉతకాల్సి వస్తే నా ఓటు పెద్ద ప్లాస్టిక్ టబ్బుకే. డ్రమ్ము పెద్దదైన ఫ్రంట్‌లోడ్ యంత్రమైతే పర్లేదు. టాప్‌లోడ్‌లో వేస్తే లోపలి అరల పల్చటి గుడ్డ చిరిగే ప్రమాదముంది. సబ్బు నూగు కోసమే తయారైనది కావాలి, నిక్‌వాక్స్, గ్రేంజర్స్ లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మామూలు డిటర్జెంట్ నూనెను తీసేస్తుంది, అందులోని ఎంజైములు ప్రొటీన్ మరకలతో పాటు ప్రొటీనే అయిన నూగునూ వదలవు. పట్టుచీరలకు కుంకుడు రసం వాడే ఇళ్లలో దాని మీదికి మనసు పోవడం సహజమే గానీ, అరల్లో ఇరుక్కున్న పిప్పిని తీయడం ఎవరి తరమూ కాదు.

పొడి బ్యాగు నీళ్లలో మునగనని మొండికేస్తుంది. దాన్ని దాని చిన్న సంచిలోనే కుక్కి, ఆ సంచిని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, నీళ్లలోపలే బయటికి లాగితే తేలిగ్గా తడుస్తుంది. అరచేతులతో మెల్లగా అదమాలి. ఎన్నిసార్లయినా సరే, నురగ కనబడకుండా పోయేదాకా జాడించాలి. పిండటం, బాదడం కుదరవు. తడిసిన బ్యాగు ఎంత బరువెక్కుతుందంటే, ఒక కొస పట్టుకుని ఎత్తితే లోపలి కుట్లు తెగుతాయి. చుట్టచుట్టి నీళ్లు అదిమేసి, కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాలి.

అసలు పని ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. డాబా మీద దండేనికి వేద్దామనిపిస్తుంది. వేస్తే నూగంతా కిందికి జారి మూటకడుతుంది, మండుటెండలో రోజుల తరబడి ఉంచితే నైలాన్ బలం తగ్గుతుంది. నవారు మంచం మీద, నీడలో, కింద నుంచీ గాలి ఆడేలా పరచి పైన ఫ్యాను వేయడం మేలు. మొదట్లో చేతికి ముద్దలు తగులుతాయి. పైగుడ్డ మీంచే వేళ్లతో వాటిని విడదీస్తూ, కొన్ని గంటలకోసారి తిరగేస్తూ ఉండాలి. రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఓపిక లేనివాళ్లు ఈ పనికి దిగకపోవడమే నయం. పెద్ద డ్రైయర్లున్న లాండ్రీ దగ్గర్లో ఉంటే అది మరీ సుఖం. అతి తక్కువ వేడి మీద, శుభ్రమైన రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే బంతులే ఉండలను విడగొడతాయి. దానికీ కొన్ని గంటలు పడుతుంది, మధ్యమధ్య తీసి చూస్తుండాలి. వేడెక్కువైతే నైలాన్ కరుగుతుంది.

ముహూర్తం మాటా చూసుకోవాలి. మే, జూన్ ట్రెక్కులు ముగించుకుని ఇల్లు చేరేసరికి ఇక్కడ వానలు పట్టుకుంటాయి. అప్పుడు ఉతికితే తడి లోపలే మిగిలి బూజు పడుతుంది. మెడ భాగం తుడిచి, గాలికి బాగా ఆరనిచ్చి, ఉతుకుడును శివరాత్రి వెళ్లాక వచ్చే పొడి రోజులకు వాయిదా వేయడమే తెలివి. తెలంగాణలో ఆ రోజుల్లో గాలే సగం పని చేసిపెడుతుంది. విశాఖ, కాకినాడల్లో సముద్రపు తేమ వదలదు కాబట్టి తలుపులు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి గదిలోనే ఆరబెట్టుకోవాలి.

పైకి ఆరినట్టు కనబడ్డా నమ్మకండి. తడి నూగుకు ఒకరకం పక్షివాసన ఉంటుంది, అది పోలేదంటే లోపల చెమ్మ ఉన్నట్టే. వాసన పోయి, ఎక్కడ నొక్కినా ఉండ తగలకుండా, వేలు తీయగానే తిరిగి పొంగితేనే ఆరినట్టు. ఆ తర్వాత దాన్ని మళ్లీ ఆ చిన్న సంచిలో కుక్కి అటక ఎక్కించొద్దు. పాత దుప్పటితో పెద్ద నూలు సంచి కుట్టి, అందులో వదులుగా ఉంచండి. చిన్న సంచి అవసరం మళ్లీ రైలెక్కే రోజునే.