ముందుచూపున్న చుక్కాని

ఒక పొడుగాటి కర్రను అరచేతిలో నిలబెట్టి చూడండి. కర్ర ఎంత వాలిందో మాత్రమే చూసి చెయ్యి జరిపితే అది నిలవదు. ఎంత జోరుగా వాలుతున్నదో కూడా కనిపెట్టి, పూర్తిగా ఒరగకముందే చెయ్యి అటు తీసుకువెళ్ళాలి. మీ చెయ్యి ఈ పని మిమ్మల్ని అడగకుండానే చేస్తుంది. యంత్రానికి మాత్రం నేర్పాలి.

పెద్ద ఓడ సంగతి తీసుకుందాం. దారి తప్పి 5 డిగ్రీలు కుడికి తిరిగింది. యంత్రం ఆ తప్పును చూసి చుక్కానిని ఎడమకు తిప్పింది. ఇలా ఫలితాన్ని చూసి చర్యను దిద్దుకోవడాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. తప్పు సున్నా కాగానే చుక్కాని కూడా సూటిగా వచ్చేస్తుంది. కాని వేల టన్నుల ఓడ అక్కడ ఆగుతుందా? జడత్వం వల్ల ఎడమకు దాటిపోతుంది. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకు. ఓడ నీళ్ళ మీద పాములా పోతుంది. చుక్కానిని తిప్పే ఇంజను కూడా కాస్త ఆలస్యం చేసిందంటే ఈ ఊపు తగ్గకపోగా పెరుగుతుంది.

రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నికొలాస్ మినోర్‌స్కీ దీన్ని గణితంతో పరిశీలించి 1922లో ఒక వ్యాసం ప్రచురించాడు. అనుభవమున్న నావికుడు ఓడ తిరిగే వేగాన్ని కూడా గమనిస్తాడనీ, సరైన దిక్కుకు రాకముందే చుక్కానిని వెనక్కు మళ్ళిస్తాడనీ ఆయన గుర్తించాడు. వేగాన్ని లెక్కలోకి తీసుకునే ఆయన యంత్రాన్ని 1923లో ‘న్యూ మెక్సికో’ అనే యుద్ధనౌక మీద పరీక్షించారు.

వేగానికి ఎందుకంత విలువ? ఉయ్యాలను చూడండి. నడిమికి వచ్చినప్పుడు దాని వేగం అత్యధికం. అక్కడినుంచి పావు ఊపు గడిచాకే అది చివరికి చేరుతుంది. అంటే వేగం స్థానం కంటే పావు చక్రం, 90 డిగ్రీల దశ, ముందు నడుస్తున్నది! తప్పుకు దాని వేగాన్ని కొంత కలిపితే యంత్రం చర్య కూడా ఆ మేరకు ముందుకు జరుగుతుంది.

విద్యుత్తులో ఈ పనికి రెండు నిరోధకాలు, ఒక కెపాసిటర్ చాలు. వోల్టేజిని 90 వేల ఓముల నిరోధకం గుండా పంపి, దాని చివరను 10 వేల ఓముల నిరోధకంతో భూమికి కలపండి. రెండోదాని మీది వోల్టేజిని తీసుకోండి. మొదటి నిరోధకానికి సమాంతరంగా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. మారని వోల్టేజి పదో వంతే బయటికి వస్తుంది. చకచకా మారేది కెపాసిటర్ గుండా దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. సెకనుకు సుమారు 5.6 సార్లు ఊగే సంకేతం దాదాపు 55 డిగ్రీలు ముందుకు జరుగుతుంది. అంతకు మించి ఈ విలువలతో రాదు. ఓడ అంత త్వరగా ఊగదు కనుక, దానికి ఇవే నిరోధకాలతో ఇంకా ఎంతో పెద్ద కెపాసిటర్ కావాలి. వ్యవస్థ ఏ పౌనఃపున్యం దగ్గర అదుపు తప్పబోతున్నదో, అక్కడే ఈ సాయం అందేలా విలువలు ఎంచుకోవడమే ఇంజనీరు పనితనం.

ఇది ఉచితంగా రాదు. తగ్గిన వోల్టేజిని 10 రెట్లు చేయడానికి యాంప్లిఫయర్ కావాలి. అలా చేస్తే వేగంగా మారే పనికిరాని రొద కూడా 10 రెట్లవుతుంది, చుక్కాని ప్రతి చిన్న అలకూ ఉలికిపడుతుంది. అందుకే 60 డిగ్రీలకు మించి కావాలంటే ఒకే సర్క్యూట్‌ను పీడించరు. ఇలాంటివి రెండు, ఒకదాని వెనుక ఒకటి పెడతారు.