మెమరీ బ్యారియర్: వరుస తప్పనివ్వని ఆదేశం

సెకనుకు 10 గిగాబిట్ల వేగమున్న నెట్‌వర్క్ కార్డు మీదికి అతిచిన్న ప్యాకెట్లు ఖాళీ లేకుండా వచ్చిపడితే, సెకనుకు కోటీ 48 లక్షల ప్యాకెట్లు అవుతాయి. ఒక్కో ప్యాకెట్‌కు దక్కేది 67 నానోసెకన్లు. ప్రాసెసర్ ఒక్కసారి ప్రధాన మెమరీ దాకా వెళ్ళి వస్తే ఆ వ్యవధి ఇంచుమించు అక్కడే చెల్లిపోతుంది. ఇంత ఇరుకులోనూ డ్రైవర్ రాసేవాళ్ళు ఒక వింత ఆదేశానికి చోటిస్తారు. అది కూడిక చేయదు, తీసివేత చేయదు, డేటాను కదపదు. ‘నాకు ముందున్నవి అయ్యాకే నా వెనకవి’ అని మాత్రం పట్టుబడుతుంది. దాని పేరు మెమరీ బ్యారియర్. అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే, ప్రాసెసర్లు రాసిన వరుసలో పనిచేయడం మానుకున్న కాలానికి వెళ్ళాలి.

1967లో ఐబీఎం సిస్టమ్ 360 మోడల్ 91 వచ్చింది. దాని ఫ్లోటింగ్ పాయింట్ గణన విభాగానికి రాబర్ట్ టొమాసులో ఒక పద్ధతి రూపొందించాడు. కావలసిన విలువలు చేతికందిన ఆదేశం ముందు నడుస్తుంది, అందనిది ఆగుతుంది, ప్రోగ్రాములో ఏది ముందు రాశారన్నదానితో పనిలేదు. తర్వాతి తరాల ప్రాసెసర్లు ఇంకో సౌకర్యం కూడా చేసుకున్నాయి. మెమరీలో రాయవలసిన విలువను స్టోర్ బఫర్ అనే చిన్న వరుసలో పడేసి, అది మెమరీకి చేరేదాకా ఆగకుండా ముందుకు సాగిపోతాయి. ఒంటరిగా నడిచే ప్రోగ్రాముకు వీటివల్ల నష్టం లేదు. తాను రాసిన విలువ తనకు సరిగ్గానే కనిపించేలా ప్రాసెసర్ చూసుకుంటుంది. అదే మెమరీని ఇంకొకరు కూడా చూస్తున్నప్పుడే చిక్కు.

ఆ చిక్కు ఎలాంటిదో అంతకుముందే ఉన్న ఒక ఉపాయంతో తేలిగ్గా చూడవచ్చు. ఉమ్మడి వనరులోకి రెండు ప్రోగ్రాములు ఒకేసారి దూరకుండా చేసే పద్ధతిని డచ్ గణితవేత్త టి.జె. డెక్కర్ కనిపెట్టాడని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965 నాటి తన రచనలో చెప్పాడు. దాని గుండెకాయ రెండే అడుగులు: ముందు ‘నేను వస్తున్నాను’ అని నా జెండా ఎత్తాలి, తర్వాత ఎదుటివాడి జెండా చూడాలి. ఇద్దరూ ఇలాగే చేస్తే కనీసం ఒకడికైనా రెండోవాడి జెండా కనబడక తప్పదు. స్టోర్ బఫర్ ఈ హామీని చెడగొడుతుంది. ఇద్దరి జెండాలూ ఇంకా ఎవరి బఫర్‌లో వాళ్ళ దగ్గరే ఉండగా ఇద్దరూ ఎదుటివాడి జెండా చూస్తారు, ఇద్దరికీ ఏమీ కనబడదు, ఇద్దరూ లోపలికి వస్తారు.

1979లో లెస్లీ లాంపోర్ట్ రెండే పేజీల వ్యాసంలో దీన్ని సూత్రంగా చెప్పాడు. ఒక్కో ప్రాసెసర్ విడిగా తన పని సరిగ్గా చేసినంత మాత్రాన అన్నీ కలిసిన యంత్రం సరిగ్గా నడుస్తుందని అనుకోకూడదన్నాడు. అందరి పనులూ ఏదో ఒకే వరుసలో జరిగినట్టు కనిపించాలనీ, అందులో ఎవరి ఆదేశాల క్రమం వారికి చెడకూడదనీ నియమం పెట్టాడు. చిప్పులు చేసేవాళ్ళకు ఆ నియమం ఖరీదైనదిగా తోచింది. ముంబయి ఐఐటీలో చదివిన సరిత ఆద్వే, ఆమె గురువు మార్క్ హిల్ 1990లో ఒక రాజీమార్గం చూపారు. ఏ చోట్ల ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయో రాసేవాళ్ళు గుర్తుపెట్టి చెప్పాలి, అలా చెబితే వరుస చెడలేదన్న భరోసా యంత్రం ఇస్తుంది, మిగతా చోట్ల దాని ఇష్టం.

ఆ గుర్తులు యంత్రభాషలో బ్యారియర్ ఆదేశాలయ్యాయి. 1992లో వచ్చిన డెక్ కంపెనీ ఆల్ఫా ప్రాసెసర్ వరుస విషయంలో అందరికంటే స్వేచ్ఛ తీసుకుంది. పాయింటర్ చదివి, అది చూపిన చోటికి వెళితే అక్కడ పాత విలువే కనబడేంత స్వేచ్ఛ. అందుకని ఎంబీ అనే ఆదేశాన్ని వెంట తెచ్చుకుంది. పవర్‌పీసీ, ఆర్మ్ కూడా వదులు వరుసల దారే పట్టాయి. ఇంటెల్ ఎక్స్86 కుటుంబం మాత్రం చాలామేరకు క్రమశిక్షణ నిలుపుకుంది. మామూలు మెమరీ విషయంలో అది ఒక్క సడలింపే ఇస్తుంది: ముందు రాసింది ఇంకా బఫర్‌లో ఉండగానే తర్వాతి చదువు జరిగిపోవచ్చు. డెక్కర్ ఉపాయాన్ని చెడగొట్టేది సరిగ్గా ఆ సడలింపే.

నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్ కాదు, కానీ డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా, అదే మెమరీని చదువుతుంది, రాస్తుంది. డ్రైవర్‌కూ కార్డుకూ మధ్య మెమరీలో డిస్క్రిప్టర్ల రింగు ఉంటుంది. ఒక్కో డిస్క్రిప్టర్‌లో ప్యాకెట్ ఎక్కడుంది, పొడవెంత అన్న వివరాలతో పాటు ‘ఇది ఇప్పుడు ఎవరిది’ అని చెప్పే ఒక బిట్ ఉంటుంది. 1980ల నాటి ఏఎండీ లాన్స్ చిప్పులోనూ ఈ యాజమాన్యపు బిట్ ఉంది. ప్యాకెట్ పంపేటప్పుడు డ్రైవర్ చిరునామా, పొడవు నింపి, బిట్‌ను కార్డు వైపు తిప్పి, చివరగా డోర్‌బెల్ అనే రిజిస్టర్‌లో రాసి కార్డును లేపుతుంది. ఈ వరుసలో బిట్ ముందు మెమరీకి చేరి, చిరునామా వెనకబడిందనుకోండి. విస్తట్లో వడ్డన కాకముందే ‘భోజనాలకు లేవండి’ అని పిలిచినట్టవుతుంది. కార్డు మర్యాద తెలిసిన అతిథి కాదు, ఆగదు. డిస్క్రిప్టర్‌లో మిగిలిన పాత చిరునామా పట్టుకుని, అక్కడ ఏముంటే అది తీగ మీదికి పంపేస్తుంది.

అందుకే వివరాలకూ బిట్‌కూ మధ్య ఒక రాత బ్యారియర్, బిట్‌కూ డోర్‌బెల్‌కూ మధ్య ఇంకొకటి ఉండాలి. ప్యాకెట్ అందుకునేటప్పుడు ఇదే తలకిందులు. ‘ఇక నీది’ అన్న బిట్ చూశాకే పొడవు చదవాలని డ్రైవర్‌లో రాసి ఉంటుంది. తొందరపడే ప్రాసెసర్ పొడవును ముందే చదివేసి పెట్టుకుని, తర్వాత బిట్ చూసి ‘సరే’ అనుకోవచ్చు. కొత్త ప్యాకెట్‌కు పాత పొడవు అంటుకుంటుంది. ఈ రెంటి మధ్యా చదువు బ్యారియర్ కావాలి. ఇలాంటి లోపం ఎక్స్86 యంత్రంలో ఏళ్ళ తరబడి బయటపడకపోవచ్చు, ఎందుకంటే అక్కడ హార్డ్‌వేరే ఆ వరుస కాపాడుతుంది. అదే డ్రైవర్‌ను ఆర్మ్ సర్వర్‌లో పెట్టిన రోజున పని మొదలవుతుంది. ఇంటెల్ ఈ1000 డ్రైవర్‌లో డోర్‌బెల్ ముందున్న బ్యారియర్ పక్కన, ఇది ఐఏ-64 వంటి వదులు వరుసల యంత్రాలకే వర్తిస్తుందని వ్యాఖ్య రాసి పెట్టారు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. డ్రైవర్ తన వైపు వరుస పాటించింది సరే, కార్డు వైపు ఎవరు పాటిస్తారు? ఆ పూచీ పీసీఐ బస్ నియమాలది. కార్డు ముందు ప్యాకెట్‌ను, తర్వాత బిట్‌ను మెమరీలో రాస్తే, మామూలుగా రెండోది మొదటిదాన్ని దాటిపోకూడదు. పాత పద్ధతిలో, ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్‌కు వేరే తీగ ఉండేది కాబట్టి, ప్యాకెట్ ఇంకా దారిలో ఉండగానే అది మోగే వీలుంది. ఎంఎస్ఐ పద్ధతిలో ఇంటరప్ట్ కూడా మెమరీ రాతే అయింది, కాబట్టి అదీ వరుసలోకి వచ్చింది. డ్రైవర్‌లోని చదువు బ్యారియర్‌కు జత కార్డు పాటించే ఈ రాత క్రమం. ఒకటి లేకపోతే రెండోది దండగ.

ఈ జత సంగతి తెలియకపోతే పట్టుబడని లోపం ఇంకొకటుంది. రింగు నిండితే డ్రైవర్‌లో ప్యాకెట్లు పంపే కోడు దారి ‘క్యూ ఆగింది’ అని రాసి, ఈలోగా ఖాళీ దొరికిందేమోనని మళ్ళీ చూస్తుంది. అదే క్షణంలో వేరే ప్రాసెసర్ మీద శుభ్రం చేసే దారి, పంపడం పూర్తయిన డిస్క్రిప్టర్లను ఖాళీ చేసినట్టు రాసి, క్యూ ఆగి ఉంటే లేపుదామని చూస్తుంది. ఇద్దరూ ముందు రాస్తారు, తర్వాత ఎదుటివాడు రాసింది చూస్తారు. ఇది అచ్చంగా డెక్కర్ లెక్క. కనుక ఎక్స్86 కూడా ఇక్కడ కాపాడదు. వరుస తప్పితే వీడికి ఖాళీ కనబడదు, వాడికి ఆగిన క్యూ కనబడదు, ఎవరూ ఎవరినీ లేపరు. రింగు ఖాళీగా ఉన్నా ఒక్క ప్యాకెట్ కదలదు. చివరికి లినక్స్ వాచ్‌డాగ్ గడువు దాటిందని కార్డును మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిస్తుంది. మందు రెండు వైపులా పూర్తి బ్యారియర్. ఇంటెల్ 10 గిగాబిట్ డ్రైవర్‌లో ఈ చోట హెర్బర్ట్ అనే డెవలపర్ పేరుతో ఒక వ్యాఖ్య కనిపిస్తుంది. ఆయన అసలు సవరణలో ఉన్న ప్రత్యేక బ్యారియర్ ఇంకా లేదు కాబట్టి ఇక్కడే విప్పి రాస్తున్నామని దాని సారాంశం.

బ్యారియర్ ఊరికే రాదు. అందుకే తర్వాతి చరిత్ర అంతా పొదుపు చరిత్ర. పరికరాలన్నిటినీ దృష్టిలో పెట్టుకున్న పెద్ద బ్యారియర్లు, మామూలు మెమరీలోని రింగుకు అవసరానికి మించినవి. 2014 చివర్లో అలెగ్జాండర్ డ్యూక్ డీఎంఏ కోసమే తేలికైన జత తయారుచేశాడు. ఎక్స్86 మీద అది కంపైలర్‌ను అడ్డుకోవడంతో సరిపోతుంది, ప్రాసెసర్‌కు అదనపు ఆదేశమే ఉండదు. అదే ఏడాది లినక్స్‌లో ‘ఇంకా ప్యాకెట్లున్నాయి’ అని డ్రైవర్‌కు చెప్పే వీలు వచ్చింది. దాంతో పది ప్యాకెట్లు పేర్చి ఒక్కసారే డోర్‌బెల్ కొట్టవచ్చు. 2018లో డోర్‌బెల్ రాసే మామూలు ఫంక్షన్‌లోనే బిట్ తర్వాతే డోర్‌బెల్ అన్న వరుస హామీ ఉందని తేటపరిచి, పలు డ్రైవర్లలో రెండోసారి పెట్టిన బ్యారియర్లను తొలగించారు.

పొదుపు అతిగా పోయిన చోటూ ఉంది. ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రానికి తయారైన కెర్నెల్, ప్రాసెసర్ల మధ్య బ్యారియర్లను కంపైలర్ స్థాయికి కుదించేస్తుంది. ఆ కెర్నెల్ వర్చువల్ యంత్రంలో నడుస్తుంటే, దాని నెట్‌వర్క్ కార్డు నిజానికి ఆతిథ్య యంత్రంలో వేరే ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రాము. తనకు జత లేదనుకున్న కెర్నెల్‌కు జత ఉంది. 2016లో అలాంటి వాటి కోసం ఎప్పుడూ కరిగిపోని బ్యారియర్లు వేరుగా వచ్చాయి.

కొత్తగా డ్రైవర్లు రాసేవాళ్ళు బ్యారియర్ అంటే రాతను గబగబా మెమరీకి నెట్టేదని అనుకుంటారు. అది నెట్టదు, ఏది ముందో ఏది వెనకో మాత్రమే తేలుస్తుంది. అనుమానం వచ్చిన చోటల్లా చల్లితే వేగం పోతుంది, లోపం పోకపోవచ్చు. సరైన ప్రశ్న ఒక్కటే: అవతల ఎవరు చూస్తున్నారు, వాళ్ళు ఏ వరుసలో చూస్తారు? అందుకే లినక్స్ కెర్నెల్‌లోకి పంపే కోడును తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ అనే పనిముట్టు, పక్కన వ్యాఖ్య లేని బ్యారియర్ కనబడితే హెచ్చరిస్తుంది. ఆ వ్యాఖ్యలో రాయవలసింది బ్యారియర్ ఏం చేస్తుందని కాదు, అది అందరికీ తెలుసు. అవతల దాని జత ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్‌లో ఉందో రాయాలి. ఆ పేరు రాయలేకపోతే, పెట్టిన బ్యారియర్ ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియదన్నమాట.